వాన పడకపోయినా తడిసే చక్రాలు

నౌపడ, చినగంజాం, ఇసకపల్లి మడుల దగ్గర ఉప్పు ఎత్తుకునే లారీల డిస్కులు, అంటే టైరు ఎక్కించే ఉక్కు చక్రాలు, నడి ఎండాకాలంలోనూ తుప్పు పడుతుంటాయి. వాన చుక్క లేదు, బండి చెరువులో దిగిందీ లేదు. మరి తడి ఎక్కడిది? గాలిలోంచే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని అందులోనే కరిగిపోతుంది. మన కోస్తాలో రాత్రిపూట తేమ అంతకు మించి ఉండడం మామూలే. పైగా మడి ఉప్పులో కొంత మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికైతే 33 శాతం తేమ చాలు. వంటింట్లో రాళ్ల ఉప్పు జాడీ చెమ్మగిల్లేది చాలావరకు దానివల్లే. కాబట్టి డిస్కు మీద ఉప్పు పొర ఉన్నన్నాళ్లూ ఆ ఉక్కు రాత్రంతా ఉప్పునీళ్లలో నానుతున్నట్టే లెక్క. రేవుల్లో పొటాష్ ఎత్తే లారీలకూ ఇదే బెడద, ఎందుకంటే ఆ ఎరువు పొటాషియం క్లోరైడే.

ఈ నీళ్లు చక్రాన్ని ఎక్కడ తింటాయన్నది ఇంకా ముఖ్యం. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920ల్లో చేసిన ఒక చిన్న ప్రయోగం దీన్ని కళ్లకు కట్టిస్తుంది. నున్నగా రుద్దిన ఉక్కు రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేస్తారు. ఆ నీళ్లలో ముందే రెండు రసాయనాలు కలిపి ఉంచుతారు. ఇనుము కరిగిన చోట ఒకటి నీలం రంగు తెస్తుంది, క్షారం పుట్టిన చోట రెండోది గులాబీ రంగు తెస్తుంది. కాసేపటికి చుక్క అంచు చుట్టూ గులాబీ, నడిమధ్య నీలం తేలతాయి. గాలి బాగా తగిలేది అంచుకు, కానీ ఇనుము కరిగేది మధ్యలో! అంచున ఆక్సిజన్ ఎక్కువ, మధ్యలో తక్కువ. ఆ తేడాతో చుక్కలోనే ఒక బుల్లి బ్యాటరీ తయారవుతుంది. అందులో నష్టపోయేది ఆక్సిజన్ అందని చోటు.

లారీ చక్రంలో అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. గట్టిపడిన బురద కింద, వెనక జంట చక్రాల డిస్కులు ఒకదానికొకటి ఆనుకునే చోట, టైరును రిమ్ములో పట్టి ఉంచే లాక్ రింగ్ కూర్చునే గాడిలో ఉప్పు చేరుతుంది, గాలి ఆడదు. పైకి కనిపించే ముఖం కాస్త ఎర్రబారినా పెద్ద నష్టం లేదు. లోపల జరిగేదే అసలు నష్టం. వాటర్ సర్వీసింగ్‌లో బయటి ముఖానికే నీళ్లు కొట్టి పంపేస్తే ప్రమాదం ఉన్న భాగాన్ని వదిలేసినట్టే. ఉప్పు దించిన రోజే మంచినీళ్లతో, డిస్కు లోపలి వైపూ జంట చక్రాల సందులోనూ బాగా కడగాలి. సబ్బుకంటే నీళ్లే ముఖ్యం, ఉప్పు నీళ్లకే కరుగుతుంది. బురద ఉంటే ముందు నాననివ్వాలి. ఘాట్ రోడ్డు దిగి వచ్చిన బండికి మాత్రం బ్రేకు డ్రమ్ములు చల్లారేదాకా ఆగాలి. కాలుతున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు.

కొందరు బాత్రూం యాసిడ్‌తో తుప్పు వదిలిస్తారు. తుప్పు పోవడం నిజమే. కానీ అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్, పూర్తిగా కడగకపోతే సందుల్లో మళ్లీ ఉప్పులో ఉండే ఆ క్లోరైడే మిగులుతుంది. దయచేసి వద్దు. అలాయ్ వీల్స్‌కైతే యాసిడ్‌తో పాటు కాస్టిక్ సోడా కూడా శత్రువే. అల్యూమినియాన్ని కాపాడే పల్చటి ఆక్సైడ్ పొరను రెండూ కరిగిస్తాయి. ఇక డీజిల్‌తో తుడిస్తే డిస్కు మెరుస్తుంది, కానీ ఆ జిడ్డుకు దుమ్ము అతుక్కుంటుంది, టైరు రబ్బరూ ఉబ్బి దెబ్బతింటుంది.

కడిగాక రంగు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌కు ఆ ఎరుపు ఇచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పుకు దగ్గరి చుట్టం. అయితే ప్రైమర్‌లో ఆ పొడి నూనెలోనో రెజిన్‌లోనో గట్టిగా పట్టి ఉంటుంది. చక్రం మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అందుకే వదులుగా ఉన్న తుప్పునంతా వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో తీసి, ఉప్పు కడిగి, ఆరబెట్టాకే ప్రైమర్ వేయాలి. ఉప్పు మీద వేసిన రంగు పొక్కులై లేచిపోతుంది. జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్ ఇంకా మేలు. గీత పడినా ఇనుముకంటే ముందు జింకే కరిగి ఇనుమును కాపాడుతుంది.

రంగు వేయకూడని చోట్లూ ఉన్నాయి. ప్రాణాలతో ముడిపడిన సంగతి కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. చక్రాన్ని హబ్‌కు (ఇరుసు చివర చక్రం బిగించే భాగానికి) పట్టి ఉంచేది స్టడ్‌ల (నట్లు ఎక్కే బోల్టుల) సాగుదల. పెద్ద లారీ నట్టును దాదాపు 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) బిగిస్తే ఒక్కో స్టడ్ 10 టన్నులకు పైగా బలంతో డిస్కును హబ్‌కు అదుముతుంది. అంత బిగింపుకూ స్టడ్ సాగేది మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా. ఇప్పుడు హబ్‌కూ డిస్కుకూ మధ్య, రెండు డిస్కుల మధ్య, నట్టు కూర్చునే చోట తలా ఒక కోటు రంగు ఉందనుకోండి. అన్నీ కలిపితే ఆ పదో వంతుకు సమానమవుతుంది. నాలుగు రోజులు బండి తిరిగేసరికి వేడికీ అదురుకూ ఆ రంగు నలిగి పల్చబడుతుంది. స్టడ్ సాగుదల పోతుంది, దాంతో బిగింపూ పోతుంది. నట్టును ఎవరూ తిప్పలేదు, అయినా చక్రం వదులైంది. దళసరిగా పట్టిన తుప్పు, మట్టి చేసేదీ ఇదే. అందుకే ఆ ముఖాలను శుభ్రంగా గీకి, రంగు లేకుండా లేదా కంపెనీ చెప్పినంత పల్చగా ఉంచాలి. చక్రం విప్పి బిగించాక సుమారు 80 నుంచి 150 కిలోమీటర్ల లోపు మళ్లీ నట్లు చూసుకోవాలి. ఎంత బలంతో బిగించాలో బండి మాన్యువల్ చూసి, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ వాడాలి. పానా మీద ఎక్కి తొక్కితే ఆ బలం ఎంతో తెలియదు.

శుభ్రంగా ఉన్న డిస్కు తన ఇబ్బందిని తనే చూపిస్తుంది. నట్టు దగ్గర మొదలై బయటికి చారలా పాకిన తుప్పు కనిపిస్తే ఆ నట్టు వదులై డిస్కు రాపిడికి గురవుతుండవచ్చు. రంధ్రం అంచు నుంచి సన్నటి ఎర్రగీత బయల్దేరితే అది పగులు కావచ్చు. అలాంటి డిస్కును వెల్డింగ్ చేసి మళ్లీ వాడకూడదు, మార్చేయాలి. ట్యూబు టైర్ల రిమ్ములో లాక్ రింగ్ గాడి తుప్పుతో నిండి ఉంటే రింగ్ సరిగా కూర్చోదు. గాలి కొట్టేటప్పుడు అది ఎగిరి వచ్చిందంటే పంక్చర్ షాపు కుర్రాడి ప్రాణాలే పోవచ్చు. గాడినీ రింగునూ వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తిన్నగా కూర్చుందో లేదో చూశాకే, చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి పొడవాటి గొట్టంతో పక్కకు నిలబడి గాలి పట్టాలి.