వాషింగ్టన్: ఒక ఇంటిపేరు ఎవరెవరిదైంది

2000 సంవత్సరం జనాభా లెక్కల నుంచి అమెరికా ప్రభుత్వం ఇంటిపేర్ల జాబితా తీస్తే, వాషింగ్టన్ అనే ఇంటిపేరున్నవాళ్లు సుమారు 1,63,000 మంది తేలారు. వాళ్లలో 90 శాతం నల్లవాళ్లు. తెల్లవాళ్లు 5 శాతమే. బాగా వాడుకలో ఉన్న ఇంటిపేర్లలో నల్లవాళ్ల వాటా ఇంతగా ఉన్నది మరొకటి లేదు. దాని తర్వాతిదైన జెఫర్సన్ కూడా 75 శాతం దగ్గరే ఆగింది. మొదటి అధ్యక్షుడి పేరు, రాజధాని పేరు, పడమటి తీరంలో ఒక రాష్ట్రం పేరు, 30 కౌంటీల పేరు అదే. ఇవాళ దాన్ని ఇంటిపేరుగా మోస్తున్నది మాత్రం ఎక్కువగా ఒకప్పటి బానిసల వారసులు. యజమాని పేరు బానిసలకి అంటుకుందని చాలామంది అనుకుంటారు. అది చాలావరకు తప్పు. పైగా ఆ మనుషులు తమకి తాముగా చేసుకున్న నిర్ణయాన్ని కూడా యజమాని ఖాతాలోనే వేసేస్తుంది.

ఇంగ్లండ్ ఈశాన్యంలో, పాత డరమ్ కౌంటీలో, వాషింగ్టన్ అనే ఊరుంది. 12వ శతాబ్దం చివర్లో విలియం డి హెర్ట్‌బర్న్ అనే భూస్వామి ఆ ఊరికి మారి, దాని పేరే తన పేరు చేసుకున్నాడు. ఆ వంశంలో ఒక శాఖకి చెందిన లారెన్స్ వాషింగ్టన్ 1539లో నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ ఎస్టేటు కొన్నాడు. రెండు ఎర్ర పట్టీలు, వాటి పైన మూడు నక్షత్రాలు ఆ వంశ చిహ్నం. 1938 నుంచి అమెరికా రాజధాని జెండా మీద ఉన్నది కూడా అదే. 1650ల్లో జాన్ వాషింగ్టన్ సముద్రం దాటి వర్జీనియా చేరాడు. జార్జ్ వాషింగ్టన్ ఆయన మునిమనవడు.

జార్జ్‌కి సొంత పిల్లలు లేరు. 1743లో తండ్రి చనిపోతే, పదకొండేళ్ల ఆ కుర్రాడి వాటాకి పదిమంది బానిసలు వచ్చారు. 1799లో ఆయన పోయేనాటికి వర్జీనియాలోని ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో ఉన్న బానిసలు 317 మంది. అందులో ఆయన సొంతమని చెప్పదగ్గవాళ్లు 123 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది భార్య మార్తా మొదటి భర్త ఆస్తి కింద లెక్క. తనవాళ్లని మార్తా తదనంతరం విడిచిపెట్టమని ఆయన వీలునామా రాశాడు. ఆమె అంతవరకు ఆగకుండా 1801 జనవరి 1న విడుదల చేసింది.

ఆ ఎస్టేటు నుంచి బయటపడి వాషింగ్టన్ పేరే పెట్టుకున్నవాడు ఒకడున్నాడు, హారీ వాషింగ్టన్. ఆఫ్రికాలో గాంబియా ప్రాంతంవాడు. 1763లో జార్జ్ వాషింగ్టన్ అతన్ని కొన్నాడు. 1776లో, యజమాని స్వాతంత్ర్యం కోసం బ్రిటిష్‌వాళ్లతో యుద్ధం చేస్తుంటే, హారీ తన స్వాతంత్ర్యం కోసం ఆ బ్రిటిష్‌వాళ్ల దగ్గరికే పారిపోయాడు. యుద్ధం ముగిశాక కెనడాలోని నోవా స్కోషియాకి, 1792లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కి వెళ్లాడు. అక్కడ పాలన నడిపే బ్రిటిష్ కంపెనీ వేసిన భూమి శిస్తు మీద 1800లో జనం తిరగబడితే వాళ్లతో నిలబడి, బహిష్కరణ పాలయ్యాడు. అమెరికా విప్లవం గురించి చెప్పేటప్పుడు ఇద్దరు వాషింగ్టన్‌ల కథా కలిపి చెప్పాలని నా అభిప్రాయం.

బానిసలకి ఇంటిపేర్లు అసలు లేవనడం కూడా నిజం కాదు. తమలో తాము వాడుకునేవాళ్లు. యజమానుల పుస్తకాల్లోకి అవి ఎక్కేవి కావు, అంతే. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పైన యజమాని పేరు ఉంటుంది. కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. మనిషి పేరు ఉండదు. నల్లవాళ్లందరి పేర్లూ రాసిన మొదటి లెక్క 1870 నాటిది.

ఆ మధ్యలో, 1865లో బానిసత్వం రద్దయ్యాక, లక్షలమంది బడిలో, పట్టాల్లో, జీతాల చిట్టాల్లో రెండు పేర్లు చెప్పాల్సి వచ్చింది. బుకర్ టి. వాషింగ్టన్ తన ఆత్మకథలో ఆ రోజుల గురించి రాశాడు. వెస్ట్ వర్జీనియాలో బడి. మాస్టారు హాజరు పిలుస్తున్నారు. ప్రతి పిల్లాడికీ రెండేసి పేర్లు, కొందరికి మూడు కూడా. ఈ కుర్రాడు పుట్టినప్పటి నుంచి ఉత్త బుకర్. తన వంతు వచ్చేలోపు ఒక ఆలోచన తట్టింది. పేరు అడగ్గానే, ఎప్పటి నుంచో అదే తన పేరన్నంత నిబ్బరంగా ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పాడు. అతని మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. తల్లి తనకి టాలియాఫెరో అనే పేరు కూడా పెట్టిందని తర్వాతెప్పుడో తెలిసింది. దాన్ని మధ్యలో చేర్చుకున్నాడు. 1881లో అలబామాలో నల్లవాళ్ల కోసం పెట్టిన టస్కీగీ విద్యాసంస్థ బాధ్యత తీసుకున్నది ఆ కుర్రాడే.

ఇలా ఎంచుకున్నవాళ్ల కారణాలు అందరివీ ఒకటి కావు. తండ్రి పేరు వాషింగ్టన్ అయితే కొడుకు దాన్నే ఇంటిపేరు చేసుకున్న సందర్భాలుంటాయి. దేశాన్ని విడిపించినవాడి పేరని గౌరవంగా తీసుకున్నవాళ్లుంటారు. 1865కి ముందే ఆ పేరున్నవాళ్లూ ఉన్నారు. 1841లో బానిసల్ని తీసుకెళ్తున్న క్రియోల్ అనే ఓడలో తిరగబడి, దాన్ని బ్రిటిష్ ఏలుబడిలోని బహామాస్‌కి మళ్లించిన బానిసల నాయకుడు మాడిసన్ వాషింగ్టన్.

ఊళ్ల సంగతికొస్తే, రాజధానికి ఆ పేరు పెట్టింది 1791లో. పడమటివాళ్లు 1853లో తమ ప్రాంతానికి కొలంబియా అని పేరు పెట్టమని అడిగారు. రాజధాని ఉన్నది కొలంబియా జిల్లాలోనే కాబట్టి తికమక అవుతుందని వాషింగ్టన్ అని మార్చారు. ఆ తికమక ఇప్పటికీ తీరలేదు. 1889లో అది రాష్ట్రమైంది.

అక్కడ సెంట్రేలియా అనే పట్టణానికి పునాది వేసినవాడి పేరూ జార్జ్ వాషింగ్టనే. 1817లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి బానిస, తల్లి తెల్లామె. తెల్ల దంపతులు పెంచుకున్నారు. వాళ్లతో పడమటికి వస్తే, ఒరెగాన్ చట్టాలు నల్లవాడికి భూమి హక్కు ఇవ్వలేదు. పెంపుడు తల్లిదండ్రులు భూమిని తమ పేరిట రాయించుకుని, వాషింగ్టన్ ప్రాంతం ఒరెగాన్ నుంచి విడిపోయాక ఆయనకి అమ్మారు. 1875లో భార్య మేరీ జేన్‌తో కలిసి ఆ నేలని ప్లాట్లు వేశాడు. 1893 ఆర్థిక సంక్షోభంలో ఊరు చితికిపోతే తిండిగింజలు తెప్పించి పంచాడు.

ఇక మౌంట్ వెర్నన్ నుంచి నిజంగా విడుదలైనవాళ్ల వారసుల్ని వెతకాలంటే వాషింగ్టన్ ఇంటిపేరు పెద్దగా అక్కరకు రాదు. 1799లో జార్జ్ వాషింగ్టన్ తన చేత్తో రాసిన బానిసల జాబితా ఉంది. అందులో నాన్సీ అనే చిన్నపిల్ల ఉంది. ఆమె పెద్దయ్యాక చార్లెస్ క్వాండర్‌ని పెళ్లాడింది. క్వాండర్ కుటుంబంవాళ్లు ఇవాళ్టికీ ఆ జాబితా దాకా తమ వంశాన్ని లెక్కగట్టి చెప్పగలరు.