మడతలో విరగని అల్యూమినియం

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మేస్త్రి మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును బెండింగ్ మెషిన్‌లో పెట్టి వంచుతున్నారు. 90 డిగ్రీలు రాకముందే టక్కుమంది. మడత బయటివైపు వెంట్రుకంత పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. "ఇది 6061 టీ6 బాబూ, వేడి చేసి గట్టిపరిచిన రకం, మాట వినే సరుకు కాదు" అంటూ ఆయన ఇంకో ముక్క తీసుకుని, మడత పడే చోట బట్టల సబ్బు రుద్ది, కింద నుంచి గ్యాస్ మంట చూపించారు. సబ్బు నల్లబడగానే మంట తీసేశారు. చల్లారాక వంచితే వంగింది.

సబ్బే ఆయన థర్మామీటరు. నల్లబడిందంటే లోహం మెత్తబడే వేడి వచ్చినట్టు. ఎంత మంచి చిట్కానో! కానీ ఆ వేడికి మడత చుట్టుపక్కల లోహం కూడా బలం పోగొట్టుకుంటుంది.

మంట లేకుండా ఇదే పని చేసే పద్ధతి ఒకటుంది: ఫ్రిక్షన్ స్టిర్ ప్రాసెసింగ్. ఇంగ్లండ్‌లోని వెల్డింగ్ పరిశోధన సంస్థ టీడబ్ల్యూఐ 1991లో కనిపెట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ దీనికి మూలం. గిర్రున తిరిగే గట్టి ఉక్కు పనిముట్టు కొసన చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని రేకులోకి దించి, మడత గీత వెంట మెల్లగా నడిపిస్తారు. రాపిడికి లోహం వేడెక్కి ముద్దలా మెత్తబడుతుంది, పిన్ను దాన్ని కలియదిప్పుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇక్కడ వేడి సాధారణంగా 400, 500 మధ్యే ఉంటుంది. మన స్టీల్ ప్లాంటులో ఉక్కు కరిగి పారుతుంది కదా, ఇక్కడ ఏదీ కరగదు.

చపాతీ పిండిలో ఉండలు మిగిలిపోతే ఒత్తేటప్పుడు సరిగ్గా అక్కడే చిరుగుతుంది. రేకులోనూ ఇనుము కలిసిన గట్టి పలుకులు ఉంటాయి, పగులు ఎక్కువగా వాటి దగ్గరే మొదలవుతుంది. పిన్ను వాటిని చితగ్గొట్టి అంతటా పరుస్తుంది. లోహంలోని స్ఫటిక రేణువులు కూడా చిన్నవైపోతాయి. పదుల మైక్రాన్ల రేణువులు కొద్ది మైక్రాన్లకు దిగుతాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

పడవల పనికి వాడే 5083 రకానికి ఇది బాగా నప్పుతుంది. రేణువులు చిన్నవైతే సాగే గుణం పెరుగుతుంది, బలమూ పెద్దగా తగ్గదు. 6061 టీ6 సంగతి వేరు. దాని బలమంతా మెగ్నీషియం, సిలికాన్ కలిసి ఏర్పడ్డ అతి సన్నని కణాల్లో ఉంది. రాపిడి వేడికి అవి చుట్టూ ఉన్న గట్టి లోహంలోనే కలిసిపోతాయి, లేదా లావెక్కుతాయి. కాబట్టి పిన్ను కలియదిప్పిన పట్టీ కొంత మెత్తబడుతుంది. మేలేమిటంటే, అది పిన్ను నడిచిన గీతకూ దాని పక్కన కొద్ది మేరకే పరిమితం.

రేకు ఎంత సాగుతుందో చూడడానికి ఎరిక్సన్ పరీక్ష చేస్తారు. రేకు అంచుల్ని బిగించి, 20 మిల్లీమీటర్ల గుండ్రటి తలతో నొక్కుతూ పోతే గిన్నెలా లోతు పడుతుంది. పగిలే క్షణానికి ఎంత లోతు వచ్చిందన్నదే కొలత. ఒకే ఒక సన్నని పట్టీ మెత్తగా ఉంటే సాగుడంతా అక్కడే పోగుపడి, రేకు అక్కడ పలచబడి తొందరగా చిరుగుతుంది. అందుకే పిన్నును పక్కపక్కనే, ఒకదానిపై ఒకటి కాస్త ఎక్కేలా, నాలుగైదు సార్లు నడిపి పట్టీని వెడల్పు చేస్తారు. చివర పిన్ను పైకి లేచిన చోట చిన్న గుంట మిగిలిపోతుంది. దాన్ని కోసి పారేసే ముక్కలో పడేలా ముందే కొలుచుకోవాలి.