పిల్లల కోసం పిల్లలకే దూరమై: వలస తల్లిదండ్రుల వెనకున్న చట్టాల కథ

వలస వెళ్లిన ఏ తల్లినో, తండ్రినో ఎందుకింత కష్టపడుతున్నారని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: పిల్లల కోసం. చదివిన చదువు పక్కనపెట్టి టాక్సీ నడిపే ఇంజనీరూ అదే చెబుతాడు, టీచరు ఉద్యోగం వదిలి పరాయి ఇంట్లో పనికి కుదిరిన ఆమే అదే చెబుతుంది. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ త్యాగంలో చాలా భాగం వాళ్లు కోరి ఎంచుకున్నది కాదు. పనివాళ్లు కావాలి, వాళ్ల పెళ్లాం పిల్లలు వద్దు అనే లెక్కతో దేశాలు రాసుకున్న నిబంధనలే దాన్ని వాళ్ల నెత్తిన పెట్టాయి.

ఈ లెక్కను స్విట్జర్లాండ్ పక్కాగా అమలు చేసింది. 1934లో అమల్లోకి వచ్చిన చట్టం కింద సీజన్ కూలీలకు ఏడాదికి గరిష్ఠంగా తొమ్మిది నెలల పర్మిట్ ఇచ్చేవారు. గడువు తీరగానే సొంత దేశానికి పోవాలి, మళ్లీ పిలిస్తే రావాలి. కుటుంబాన్ని మాత్రం తెచ్చుకోకూడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ నుంచి, ఆపైన స్పెయిన్, పోర్చుగల్, యుగోస్లావియాల నుంచి వచ్చినవాళ్లు ఈ పద్ధతిలోనే ఆనకట్టలు కట్టారు, సొరంగాలు తవ్వారు, హోటళ్లలో పనిచేశారు. పిల్లల్ని విడిచి ఉండలేనివాళ్లు దొంగచాటుగా తెచ్చుకుని గదుల్లో దాచారు. పొద్దున తాళం వేసి పనికి పోయేవారు. గట్టిగా ఏడవకూడదు, కిటికీ దగ్గరికి రాకూడదు, ఎవరు తలుపు తట్టినా పలకకూడదు. బడి మాటే లేదు. అలా పెరిగినవాళ్లకు 'బీరువా పిల్లలు' అని పేరు పడింది. అంత ధైర్యం చేయలేనివాళ్లు ఇటలీ వైపు సరిహద్దు ఊళ్ల అనాథాశ్రమాల్లో చేర్పించారు. అమ్మానాన్నలు ఇద్దరూ బతికే ఉన్న అనాథలన్నమాట. యూరోపియన్ యూనియన్‌తో స్వేచ్ఛా రాకపోకల ఒప్పందం అమల్లోకి వచ్చాక, 2002లో గానీ ఆ సీజన్ పర్మిట్ పోలేదు. అప్పటి పిల్లలు కొందరు ఇప్పుడు సంఘంగా ఏర్పడి స్విస్ ప్రభుత్వాన్ని క్షమాపణ అడుగుతున్నారు.

పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో కూలీల ఒప్పందాలు చేసుకుంది. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారన్నది మొదటి అంచనా. 1973 నవంబరులో కొత్త కూలీల్ని తీసుకోవడం ఆపేయడంతో కథ అడ్డం తిరిగింది. ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్లు తిరిగి వెళ్లడం మానేసి, కుటుంబాల్ని రప్పించుకున్నారు. 1975లో పిల్లల భత్యం నియమాలు మార్చి, సొంత దేశంలో ఉండిపోయిన పిల్లలకు తక్కువ ఇవ్వడం కూడా ఇందుకు తోడైంది. ఈ మధ్యలో అమ్మమ్మ ఇంటికీ అమ్మ ఉన్న దేశానికీ మధ్య తిరుగుతూ పెరిగిన తరాన్ని అక్కడ 'సూట్‌కేసు పిల్లలు' అంటారు.

కరీబియన్ దీవుల నుంచి బ్రిటన్‌కు వెళ్లినవాళ్లది ఇంకో రకం బాధ. ముందు ఒకరు వెళ్లి స్థిరపడటం, ఆ తర్వాత రెండోవారు, టికెట్ డబ్బులు కూడిన కొద్దీ ఒక్కో పిల్లా. 1962లో వలసల మీద ఆంక్షల చట్టం వస్తోందని తెలిసి చాలామంది హడావిడిగా కుటుంబాల్ని రప్పించుకున్నారు. అమ్మమ్మే అమ్మ అనుకుని పెరిగిన పిల్ల, ఏళ్ల తర్వాత ముఖం కూడా గుర్తులేని తల్లి దగ్గరికి, అక్కడే పుట్టిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న ఇంటికి చేరేది. డబ్బు పంపిన తల్లికి ఆ పిల్ల కోపం అర్థమయ్యేది కాదు. పిల్లకు తల్లి పడిన కష్టం తెలిసేది కాదు. త్యాగం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సగాన్ని మనం తరచూ మర్చిపోతాం.

మొదట్లో వెళ్లింది ఎక్కువగా తండ్రులే. తల్లులు పెద్ద సంఖ్యలో బయల్దేరడానికి ఫిలిప్పీన్స్ మంచి ఉదాహరణ. 1974లో మార్కోస్ ప్రభుత్వం తెచ్చిన కార్మిక చట్టం విదేశాలకు పనివాళ్లను పంపడాన్ని ప్రభుత్వ విధానంగా మార్చింది. నిరుద్యోగం తగ్గుతుంది, విదేశీ మారకం వస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో హాంకాంగ్, సింగపూర్, గల్ఫ్ ఇళ్లలో పనికి ఆడవాళ్లు వెళ్లడం బాగా పెరిగింది. హాంకాంగ్‌లో ఇంటిపని వీసా మీద వచ్చినవారు తమ పిల్లల్ని తెచ్చుకోవడానికి వీల్లేదు. కాంట్రాక్టు ముగిసిందా, రెండు వారాల్లో దేశం విడిచి వెళ్లాలి. కాబట్టి వేరేవాళ్ల పిల్లలకు స్నానం చేయించి, అన్నం పెట్టి నిద్రపుచ్చే పని, సొంత పిల్లల ఫీజులు కట్టే పని రెండూ ఒకటే అయ్యాయి. 1988లో అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో హాంకాంగ్‌లో వీళ్లను 'కొత్త వీరులు' అని పొగిడారు. పొగడ్త బాగానే ఉంది. కానీ ఇంట్లోనే బతుకుదెరువు దొరికేలా చేయడం కన్నా వీరులని పిలవడం ఏ ప్రభుత్వానికైనా సులువు.

దేశం దాటకపోయినా ఇదే గతి పట్టొచ్చు. చైనాలో ప్రతి కుటుంబాన్నీ సొంత ఊరి పేరు మీద నమోదు చేసే 1958 నాటి హుకౌ పద్ధతి పల్లెవాళ్లకు నగరంలో పని ఇస్తుంది గానీ పిల్లలకు అక్కడి ప్రభుత్వ బడిలో సీటు తేలిగ్గా దొరకనివ్వదు. తల్లిదండ్రులు దూరంగా ఉండగా పల్లెల్లో పెరుగుతున్న పిల్లలు 6 కోట్ల పైమాటేనని 2013లో ఆ దేశ మహిళా సమాఖ్య నివేదిక చెప్పింది.

అంతర్జాతీయ చట్టం లేదా అంటే, ఉంది. కుటుంబం ఒకచోట చేరడానికి పెట్టుకునే దరఖాస్తుల్ని మానవత్వంతో, త్వరగా చూడాలని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పదో అధికరణం చెబుతుంది. వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల ఒడంబడిక 1990లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొంది, 2003లో అమల్లోకి వచ్చింది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, గల్ఫ్ దేశాల్లో ఏ ఒక్కటీ దాన్ని ఒప్పుకోలేదు. పనివాళ్లను పంపే దేశాలే ఎక్కువగా సంతకాలు పెట్టుకున్నాయి.

కుటుంబంతో వెళ్లే వీలున్నవాళ్లకూ గడియారం ఆగదు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవారి పిల్లలకు ఇచ్చే హెచ్4 వీసా 21 ఏళ్లు నిండగానే చెల్లదు. ఒక్కో దేశానికి గ్రీన్ కార్డుల్లో 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల క్యూ ఏళ్లూ దశాబ్దాలూ సాగుతుంది. ఆ క్యూలో చోటు పోతుందేమోనన్న టెన్షన్‌తో నచ్చని ఉద్యోగాన్నే పట్టుకుని ఉండిపోయిన తల్లిదండ్రులు, అక్కడే పెరిగిన పిల్లలు వేరే వీసా వెతుక్కోవడమో, దేశం వదలడమో చూడాల్సి వస్తోంది. 2002లో తెచ్చిన సవరణ చట్టం కొంత ఊరటనిచ్చింది. దాని ప్రకారం దరఖాస్తు ఆఫీసులో పరిశీలనలో ఉన్న కాలాన్ని మాత్రమే పిల్లల వయసులోంచి తీసేస్తారు, క్యూలో నిలబడిన ఏళ్లను కాదు.