రాణిగారి తెల్ల గౌను

ప్రియమైన పిల్లలూ,

మొన్న ఫోన్లో చిట్టి అడిగింది: "అమ్మమ్మా, రొట్టె లేకపోతే కేకు తినండి అన్న రాణి కదా, అంత చెడ్డావిడ బట్టల ప్రదర్శన చూడ్డానికి జనం టికెట్ కొనుక్కుని మరీ ఎందుకు వెళ్ళారు?" అని. అది ఫోన్లో తెమిలే ముచ్చట కాదు. నలభై ఏళ్లు మిషన్ తొక్కినదాన్ని, బట్టల సంగతి అడిగితే ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

ముందు కేకు సంగతి. ఆ మాట ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ అన్నది కాదు. రూసో అనే రచయిత తన ఆత్మకథలో ఎవరో "గొప్ప రాకుమారి" అలా అందని రాశాడు, పేరు చెప్పలేదు. ఆయన ఆ భాగం రాసేనాటికి ఈ పిల్లకి పది పదకొండేళ్లు. ఫ్రాన్స్ గడపే తొక్కలేదు, వియన్నాలో వాళ్ళమ్మ దగ్గర ఉంది. చేయని తప్పు ఎన్నో ఏళ్లుగా ఆమె నెత్తిన ఉంది. ఇది వింటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆమె పుట్టింది 1755లో, ఆస్ట్రియా మహారాణికి పదిహేనో సంతానంగా. పద్నాలుగేళ్లకే పెళ్ళి. 1770 మే నెలలో అత్తవారి దేశానికి అప్పగించడానికి రైన్ నదిలో ఒక లంక మీద విడిది కట్టారు. తర్వాత రోజుల్లో ఆమె దగ్గర పనిచేసిన కాంపాన్ గారు తన జ్ఞాపకాల్లో ఏం రాశారంటే, అక్కడ ఆ పిల్ల ఒంటి మీద పుట్టింటి బట్ట ఒక్కటి కూడా మిగలకుండా, మేజోళ్లతో సహా విప్పించి, ఫ్రెంచి బట్టలు తొడిగారట. నీ వయసు పిల్ల, చిట్టీ! ఆ రోజు నుంచి ఆమె ఏం కట్టుకున్నా అది ఊరందరి సొత్తు అయిపోయింది.

రాణి అయ్యాక ఆ బట్టలనే తన చేతిలోకి తెచ్చుకోవాలని చూసింది. రోజ్ బెర్తాన్ అనే దర్జీ ఆవిడ పారిస్‌లో "గ్రాండ్ మొఘల్" అనే దుకాణం నడిపేది. అవును, మన ఢిల్లీ మొఘలుల పేరే! రాణివాసానికి ఆమె రాకపోకలు ఎంతగా ఉండేవంటే, జనం ఆమెను ఫ్యాషన్ మంత్రి అనేవారు. నా కుట్టు పుస్తకం మీకు గుర్తుందిగా, ఎవరి జాకెట్టు ముక్క వాళ్ళ కొలతల పక్కన పిన్ను పెట్టి ఉంచేదాన్ని. రాణికీ అలాంటిదే ఉండేది. పొద్దున్నే గుడ్డ ముక్కలు అతికించిన పుస్తకం, ఒక గుండుసూదుల దిండు ఆమె ముందు పెట్టేవారు. ఆ రోజుకి కావలసిన గౌన్ల మీద తను సూది గుచ్చేది. కొలువుకి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. 1782 నాటి పుస్తకం ఇంకా పారిస్ జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉంది.

ఆమె మచ్చలేని మనిషని నేను చెప్పను. బట్టలకి ఏడాదికి లక్షా ఇరవై వేల లీవ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తే, 1785లో రెండున్నర లక్షలు దాటించింది. తలమీద ఉన్ని దిండ్లు, తీగలు పెట్టి జుట్టును గోపురంలా లేపి, దాని మీద గోధుమ పిండి లాంటి పౌడరు చల్లుకునేవారు. అదే రోజుల్లో, 1775లో, రొట్టె ధర పెరిగి జనం రోడ్డెక్కారు. తినడానికి పిండి లేనివాడు ఆ తల చూస్తే ఏమనుకుంటాడు? తర్వాత విప్లవం వచ్చాక ఫ్రాన్స్ సైన్యం కదలికల సమాచారం రహస్యంగా ఆస్ట్రియాకి చేరవేసింది. అది నిజంగా చేసిన తప్పు. కేకు మాట కాదు, అడగవలసింది ఇది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న తెల్ల గౌను. ఆ బరువులు, నడుముకి రెండు పక్కలా బుట్టల్లాంటి చట్రాలు మోసీ మోసీ విసుగొచ్చి, రాణి పల్చని మస్లిన్ గౌను తొడుక్కోవడం మొదలుపెట్టింది. నడుముకి ఒక పట్టీ, తలకి గడ్డి టోపీ, అంతే. ఆ రోజుల్లో యూరప్‌కి మేలైన మస్లిన్ ఎక్కువగా మన బెంగాల్ నుంచే వెళ్ళేది. పొందూరు సన్నఖద్దరు చేతిలోకి తీసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, ఆమె ప్రాణం ఎంత తెరిపిన పడిందో ఊహించగలను. వీజే లెబ్రున్ అనే చిత్రకారిణి ఆ గౌనులో ఆమె బొమ్మ గీసి 1783లో ప్రదర్శనకి పెడితే గొడవైపోయింది. రాణిని లోపలి గుడ్డల్లో చూపిస్తారా అని ఒకరు, లియాన్ ఊరి పట్టు నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఇంకొకరు. బొమ్మ తీసేసి, అదే భంగిమలో పట్టు గౌనుతో ఇంకోటి పెట్టారు. పట్టు కడితే దుబారా, నూలు కడితే సిగ్గులేనిది. ఇంకేం కట్టాలి ఆ మనిషి?

ఆ గౌను అంతటితో వదల్లేదు. 1784 ఆగస్టులో ఒక రాత్రి, జాన్ డి లా మోట్ అనే మోసగత్తె రాణి పోలికలున్న ఒక పిల్లకి అచ్చం అలాంటి తెల్ల గౌను తొడిగించి, వెర్సాయ్ రాజభవనం తోట చీకట్లో నిలబెట్టింది. రాణి దయ కోసం తపించిపోతున్న రోహాన్ అనే కార్డినల్, అంటే పెద్ద హోదా ఉన్న క్రైస్తవ మతగురువు, అది రాణే అనుకున్నాడు. తర్వాత దొంగ సంతకాల మాయలో పడి, పదహారు లక్షల లీవ్రల వజ్రాలహారం రాణి పేరున తీసుకున్నాడు. హారం ముక్కలై లండన్‌లో అమ్ముడుపోయింది. రాణి దాన్ని అడిగింది కూడా లేదు. అయినా 1786లో కోర్టు రోహాన్‌ని నిర్దోషి అన్నప్పుడు, జనం దృష్టిలో పరువు పోయింది రాణికే.

ఇంత కథ ఉంటే కథకులు వదులుతారా? ఆ హారం మీద డ్యూమా అనే ఫ్రెంచి రచయిత పెద్ద నవలే రాశాడు. నాకు ఎక్కువ నచ్చింది జపాన్ కథ. 1972లో ఇకెదా రియోకో అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి "వెర్సాయ్ గులాబీ" అనే బొమ్మల కథ మొదలుపెట్టింది. అందులో రాణి పక్కన ఆస్కార్ అని, మగవాడిలా పెరిగిన ఒక ఆడపిల్లని కాపలాదళ నాయకురాలిగా కల్పించింది. పిల్లలు ఆ పాత్రకి పిచ్చెక్కిపోయారు, రెండేళ్లకే అది ఆడవాళ్ళే అన్ని వేషాలూ వేసే తకరాజుకా నాటకమైంది. 2006లో అమెరికా నుంచి వచ్చిన సినిమాలోనైతే పట్టు జోళ్ల మధ్య ఒక జత కాన్వాస్ షూ కనిపిస్తుంది. చూసినవాళ్ళు పొరపాటనుకుంటారు, కావాలనే పెట్టారు. ఆమె టీనేజ్ పిల్ల అని గుర్తు చేయడానికి అంతకంటే తేలిక దారి నాకూ తోచదు. దుస్తులకి ఆస్కార్ అవార్డు కూడా వచ్చింది. 2012లో షనెల్ అనే ఫ్యాషన్ కంపెనీ వాళ్ళు వెర్సాయ్ తోటల్లోనే ఫ్యాషన్ షో పెట్టారు. చిట్టి అడిగిన ప్రదర్శన 2025 సెప్టెంబర్‌లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తెరిచారు.

జనం ఎందుకు వెళ్తారంటే, నాకు తోచింది చెబుతాను. ఆమె బట్టల గురించి మనకి తెలిసినంత ఆమె మనసు గురించి తెలియదు. కొలతలు దొరకని మనిషికి కుట్టినట్టు, ఎవరికి వారు తమ కొలతలకే ఆమెను కుట్టుకుంటున్నారు. ఒకరికి దుబారా మనిషి, ఒకరికి బందీ అయిన పిల్ల, ఒకరికి స్టైల్.

నాకైతే ఆమె గుర్తొచ్చేది విప్లవం వాళ్ళు ఆమెను పెట్టిన పారిస్ కాన్సియెర్జరీ జైల్లో. అక్కడ మిగిలినవి రెండే గౌన్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. రోజలీ అని ఒక పనిపిల్ల ఆమెకి సేవ చేసేది. అద్దం లేదని తెలిసి, బజార్లో కొన్న తన చిన్న అద్దం ఇచ్చింది, చుట్టూ ఎర్ర అంచు ఉన్న చవకరకం. ఇవ్వడానికే సిగ్గుపడిందట. వెర్సాయ్‌లో అద్దాల మందిరం దాటుకుంటూ నడిచిన రాణి దాన్ని ఎంతో విలువైన వస్తువులా తీసుకుంది. 1793 అక్టోబర్ 16న తెల్ల గౌను వేసుకుని మరణశిక్షకి బండెక్కే రోజు దాకా దాన్నే వాడుకుంది.

మీ అమ్మమ్మ