శాసనసభ నియోజకవర్గంలో ఓటు: అపోహలు - వాస్తవాలు

శాసనసభ ఎన్నికల విధులకు వెళ్ళే, పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారులకు శిక్షణ ఇవ్వడం నా పని. పోలింగ్ కేంద్రంలో తలెత్తే వాదోపవాదాల్లో చాలావాటికి మూలం, ఓటరు అప్పటిదాకా నమ్ముతూ వచ్చిన తప్పుడు సమాచారమే. చట్టం ఓటరుకు ఇచ్చిన రక్షణలు తక్కువేమీ కావు. కాకపోతే వాటిలో ముఖ్యమైన వాటికి గడువు పోలింగ్ తేదీకి ఎంతో ముందే ముగిసిపోతుంది. ఈ సంగతి తెలియక అన్ని అర్హతలూ ఉన్నవారు ఓటు వేయకుండా వెనుదిరుగుతుంటే బాధ కలుగుతుంది.

అపోహ: చేతిలో ఓటరు కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే.

వాస్తవం: కార్డు మనిషిని గుర్తించడానికి మాత్రమే. ఓటు హక్కు దక్కేది జాబితాలో పేరు ఉండటం వల్ల. పేరు ఉండి కార్డు పోయినా ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటి అనుమతించిన పత్రాల్లో ఏదో ఒకటి చూపి ఓటు వేయవచ్చు. కార్డు ఉండి పేరు లేకపోతే మాత్రం ప్రిసైడింగ్ అధికారి చేయగలిగింది ఏమీ లేదు. నామినేషన్ల దాఖలుకు చివరి రోజు గడిచాక ఆ ఎన్నిక కోసం జాబితాలో కొత్త పేరు చేర్చడం గానీ, ఉన్న పేరు తీసివేయడం గానీ చట్టప్రకారం కుదరదు. దరఖాస్తుపై విచారణకు కొంత సమయం పడుతుంది కాబట్టి అంతకు చాలా ముందే కదలాలి. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా వివరాల్లో తప్పులున్నా ఫారం 8 ఇవ్వాలి. ఒకప్పుడు 18 ఏళ్ళ వయసును జనవరి 1వ తేదీతోనే లెక్కించేవారు. 2021 నాటి చట్ట సవరణ తర్వాత ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలయ్యాయి. గత ఎన్నికల్లో ఓటు వేశాం కదా అని ఊరుకోకుండా, ముసాయిదా జాబితా వెలువడిన ప్రతిసారీ ఇంటిల్లిపాది పేర్లూ చూసుకోవాలని నేను అడిగినవారికీ అడగనివారికీ చెబుతుంటాను.

అపోహ: జాబితాలో పేరు లేకపోతే ‘ఛాలెంజ్ ఓటు’ అడగవచ్చు; టెండర్ ఓట్లు 14 శాతం దాటితే ఆ కేంద్రంలో రీపోలింగ్ జరుగుతుంది.

వాస్తవం: ప్రతి ఎన్నికకూ ముందు ఫోన్లలో తిరిగే ఈ సందేశంలో రెండు నిబంధనలను కలగాపులగం చేశారు. ఛాలెంజ్ చేసేది ఓటరు కాదు, అభ్యర్థి తరఫున కేంద్రంలో కూర్చునే పోలింగ్ ఏజెంటు. వచ్చిన వ్యక్తి అసలు ఓటరు కాడని అనుమానం వస్తే ఏజెంటు 2 రూపాయలు చెల్లించి అభ్యంతరం చెబుతాడు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి, ఆరోపణ రుజువు కాకపోతే ఓటు వేయనిస్తారు, రుజువైతే ఆ వ్యక్తిని పోలీసులకు అప్పగిస్తారు. జాబితాలో పేరు లేనివారికి దీనితో ఏ సంబంధమూ లేదు.

టెండర్ ఓటు సంగతి వేరు. మీ పేరు జాబితాలో ఉంది, మీరు వెళ్ళేసరికి ఆ పేరు మీద ఎవరో ఓటు వేసి వెళ్ళిపోయారు అనుకుందాం. అప్పుడు అధికారి అడిగే ప్రశ్నలకు మీరు చెప్పే సమాధానాలు సరిపోయి, మీరే అసలు ఓటరని తేలితే మీకు ఓటు నిరాకరించకూడదు. అయితే ఈవీఎం మీట నొక్కనివ్వరు. వెనుక ‘టెండర్డ్ బ్యాలెట్ పేపర్’ అని ఉన్న కాగితం ఇస్తారు. ఫారం 17బిలో సంతకం చేసి, నచ్చిన అభ్యర్థి గుర్తుపై ముద్ర వేసి, మడిచి ఇస్తే దానిని ప్రత్యేక కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో ఆ కవరు తెరవరు. ఎన్నికల పిటిషన్‌పై విచారణలో న్యాయస్థానం అవసరమనుకుంటేనే అందులోని ఓటుకు విలువ వస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ అభ్యర్థి సి.పి.జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి ఎలాగూ లెక్కించరు కదా అని ఈ కాగితాన్ని వదులుకుని వెళ్ళిపోవద్దు. ఇక 14 శాతం మాట ఏ నిబంధనలోనూ లేదు.

అపోహ: నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే శాసనసభ ఎన్నిక రద్దవుతుంది.

వాస్తవం: రద్దు కాదు. అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు పొందినవారే గెలిచినట్టు ప్రకటిస్తారు. ధరావతు (డిపాజిట్) దక్కాలంటే చెల్లిన ఓట్లలో దాటవలసిన ఆరో వంతు లెక్కలోనూ నోటా ఓట్లను కలపరు.

అపోహ: బూత్‌లో పోలైన ఓట్లనూ లెక్కింపులో తేలిన ఓట్లనూ పోల్చి చూసే మార్గం సామాన్యులకు లేదు.

వాస్తవం: పోలింగ్ ఏజెంట్ల ద్వారా ఉంది, దాని పేరు ఫారం 17సి. పోలింగ్ ముగిసి కంట్రోల్ యూనిట్‌పై ‘క్లోజ్’ మీట నొక్కాక మొత్తం ఓట్లు ఎన్నో తెరపై కనబడతాయి. ఆ సంఖ్యను, యంత్రాల నంబర్లతో సహా ఫారంలో రాసి, హాజరున్న ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజున అదే సంఖ్యతో సరిచూస్తారు. నియోజకవర్గానికి 5 కేంద్రాలను లాటరీ ద్వారా ఎంపిక చేసి ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలు కూడా లెక్కించాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంత ఏర్పాటు ఉన్నా, సాయంత్రమయ్యేసరికి నకలు తీసుకోకుండానే ఇళ్ళకు వెళ్ళిపోయే ఏజెంట్లు ఉన్నారు. ఆ కాగితం చేతిలో ఉన్న ఏజెంటు లెక్కింపు బల్ల దగ్గర అడిగే ప్రశ్నకు ఎంతో బలం ఉంటుంది.

అపోహ: రిజర్వుడు నియోజకవర్గం ఆ వర్గం వారి ప్రాతినిధ్యానికే పరిమితం.

వాస్తవం: రిజర్వేషన్ అభ్యర్థిత్వానికే గానీ ఓటుకు కాదు. అక్కడి ఓటర్లందరూ ఓటు వేస్తారు, గెలిచినవారు అందరికీ ప్రతినిధి. ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో ఎస్సీలకు 29, ఎస్టీలకు 7. తెలంగాణలోని 119లో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12 కేటాయించారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు జనరల్ స్థానాల్లోనూ నిలబడవచ్చు. ఈ మాట పార్టీల కార్యకర్తలకు కూడా పదేపదే చెప్పవలసి వస్తోంది.

అపోహ: ప్రతి ఎమ్మెల్యే దాదాపు ఒకే సంఖ్యలో ప్రజలకు ప్రాతినిధ్యం వహిస్తారు.

వాస్తవం: ఉద్దేశం అదే, వాస్తవం దానికి చాలా దూరం జరిగింది. ఇప్పుడున్న సరిహద్దులను 2001 జనాభా లెక్కల ఆధారంగా గీశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి 2009 ఎన్నికలతో అమలులోకి వచ్చాయి. తర్వాత నగరాలు పెరిగాయి, గీతలు కదలలేదు. తెలంగాణలో 2023 ఎన్నికల నాటికి హైదరాబాద్‌ను ఆనుకుని ఉన్న శేరిలింగంపల్లిలో 7 లక్షలకు పైగా ఓటర్లుంటే, భద్రాచలంలో లక్షన్నరకు లోపే ఉన్నారు. ఒక్కో ఓటరు తన ఎమ్మెల్యేను కలవగలిగే అవకాశంలోనూ, సభలో ఆ ఓటుకు ఉండే బరువులోనూ ఈ తేడా కనిపిస్తుంది. కొండకోనల్లో విసిరేసినట్టుండే గూడేలకు విస్తీర్ణాన్ని బట్టి కొంత వెసులుబాటు న్యాయమే, కానీ ఇంత వ్యత్యాసాన్ని అది ఒక్కటే సమర్థించలేదు. 2014 పునర్విభజన చట్టం స్థానాలను ఆంధ్రప్రదేశ్‌లో 225కు, తెలంగాణలో 153కు పెంచవచ్చని చెప్పినా, రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి అనే షరతు పెట్టింది. ఆ అధికరణం 2026 తర్వాత జరిగే తొలి జనగణన వివరాలు వెలువడేదాకా సర్దుబాటు అవసరం లేదంటోంది.

గతంలో నియోజకవర్గాల సరిహద్దులు గీసే డీలిమిటేషన్ కమిషన్ ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలు స్వీకరించి, బహిరంగ సమావేశాలు జరిపాకే తుది ఉత్తర్వులు ఇచ్చింది. మళ్ళీ ఆ ఘట్టం వచ్చినప్పుడు మండలం రెండు ముక్కలవుతుందనుకున్న ఊళ్ళవారు మ్యాపులు చూసి, జనాభా అంకెలతో రాతపూర్వక అభ్యంతరం ఆ గడువులోనే ఇవ్వాలి. తుది ఉత్తర్వు వెలువడ్డాక ఆ సరిహద్దును మార్పించుకోవడం దాదాపు అసాధ్యం.