పెద్ద బోటు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? ఇంజిన్ సంగతి తర్వాత, ముందు వెనక పలక కొట్టి చూడండి

బోటు ఇంజిన్లు రిపేర్ చేయడం నా పని. దాంతోపాటు కొనేవాళ్ల తరఫున వెళ్లి పాత బోట్లు చూసిపెడుతుంటా. ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, హనుమకొండ నుంచో కరీంనగర్ నుంచో ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పిల్లలతో, బావోళ్ల ఫ్యామిలీతో కలిసి తిరగడానికి చిన్న బోటు సరిపోతలేదు, ఇరవై రెండు అడుగులది గోవాల ఒకటి ఉందట, ఇంజిన్ ఎట్లుందో చూసి చెప్పు." పదిమందిలో తొమ్మిది మంది అడిగేది ఇంజిన్ గురించే. ఇంజిన్ పోతే ఇంకోటి బిగించుకోవచ్చు, ఖర్చవుతుంది, అంతే. బోటు ఒళ్లే కుళ్లిపోతే కొత్త ఇంజిన్ తెచ్చి దేనికి బిగిస్తారు? అందుకే నేను ఇంజిన్ మూత చివర్లో తీస్తా.

అపోహ: "ఫైబర్ బోటు కదా, కుళ్లడానికి కట్టెనా?"

చాలా పాత బోట్లలో కట్టే ఉంటుంది, బయటికి కనిపించదు, అంతే. ఇంజిన్ బరువు మోసే వెనక పలకను మా లైన్‌లో ట్రాన్సమ్ అంటాం. దాని లోపల ప్లైవుడ్ పెట్టి రెండు వైపులా ఫైబర్ చుడతారు. కింద పొడవునా ఉండే దూలాలు, నిలబడే ఫ్లోరు కూడా ఎక్కువగా ఇంతే. ఇంజిన్ బోల్టులు, నిచ్చెన స్క్రూలు, నీళ్లు వదిలే బిరడా, ఇలా కొట్టిన ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ ఉంటుంది. అది ఎండి పగిలిన రోజు నుంచి నీళ్లు చెక్కలోకి దిగుతూనే ఉంటాయి. లోపల చెక్క నల్లగా పొడి అయిపోయినా పైన ఫైబర్ నిగనిగలాడుతుంది, అందులోనూ అమ్మేవాడు "మొన్ననే పెయింట్ ఏసినం సార్" అన్నాడంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

చూడటం కష్టమేం కాదు. స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకుని, పిడితో వెనక పలకను ఒక మూల నుంచి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ రండి. గట్టి చెక్క టక్ టక్ మని పలుకుతుంది. కొడుతూ కొడుతూ ఉండగా ఒకచోట ఆ శబ్దం మూగబోయి మొద్దుగా వినిపిస్తే అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి. మొత్తం కొట్టడం అయ్యాక గీతలన్నీ కలిపి చూస్తే తడి ఎంత మేర పాకిందో మ్యాప్ గీసినట్టు కనిపిస్తుంది, సాధారణంగా బోల్టుల చుట్టూ, కింది అంచున ఎక్కువ ఉంటుంది. తర్వాత ఇంజిన్‌ను పైకి వంచి, దాని కాలు, అంటే ప్రొపెల్లర్ ఫ్యాన్ ఉండే కింది భాగం మీద చేతులేసి బరువు ఆన్చి కిందికి నొక్కండి. ఇంజిన్‌తో పాటు పలక పై అంచు కూడా కదిలినా, మూలల్లో వెంట్రుక మందం బీటలు కనిపించినా ఇంక బేరం మాట ఎత్తొద్దు. ఇంకా నమ్మకం కుదరకపోతే అమ్మేవాడి అనుమతితో కింద ఉన్న స్క్రూ ఒకటి విప్పండి, అందులోంచి గోధుమరంగు నీళ్లు కారితే అది వదిలేసి వచ్చేయాల్సిన బోటే.

రిపేర్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ ఇంజిన్ దించాలి, లోపలి ఫైబర్ పొర కోయాలి, కుళ్లిన చెక్కంతా తీసి కొత్త ప్లైవుడ్ పెట్టి మళ్లీ పొరలు వేయాలి. మన దగ్గర ఫైబర్ పని చేసేవాళ్లు ఉన్నారు, కానీ తలుపులు, వాటర్ ట్యాంకులు చేయడం వేరు, వంద గుర్రాల ఇంజిన్ తోస్తుంటే తట్టుకునే పలక చేయడం వేరు.

ఇంకో చిట్కా, దీన్ని పెద్దగా ఎవరూ పాటించరు. పెద్ద బోట్లలో ఫ్లోరు కింద తేలడానికి ఫోమ్ నింపుతారు, ఏళ్ల తరబడి నీళ్లు నిలిస్తే అది నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. బోటును ట్రైలర్‌తో సహా ధర్మకాంటా ఎక్కించండి, తర్వాత ఖాళీ ట్రైలర్‌ను తూయండి. తేడాలోంచి ఇంజిన్, పెట్రోల్, సామాను బరువు తీసేసి కంపెనీ చెప్పిన ఖాళీ బరువుతో పోల్చండి. రెండు మూడు వందల కిలోలు ఎక్కువ వచ్చాయంటే ఆ ఎక్కువంతా ఫ్లోరు కింద దాక్కున్న నీళ్లే అనుకోవాలి. కాంటా రసీదుకయ్యేది చిల్లర ఖర్చు.

అపోహ: "తక్కువ గంటలు తిరిగింది, కొత్త లెక్కే."

కారు కిలోమీటర్లలా చూస్తారు దీన్ని. బోటు ఇంజిన్ తిరిగితే పాడవడం కంటే నిలబెడితే పాడవడమే ఎక్కువ. చల్లబరిచే నీటిని తోడే పంపులో ఇంపెల్లర్ అని రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. ఇంజిన్ ఏళ్లకేళ్లు ఆగి ఉంటే ఆ రెక్కలు వంగిన చోటే గట్టిపడి, స్టార్ట్ చేసిన రోజే విరుగుతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది. పెట్రోల్ సంగతి ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమను లాక్కుంటుంది. ట్యాంకులో నెలల తరబడి ఉంటే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుక్కి చేరతాయి, ఇంజిన్ మొదట పీల్చేది దాన్నే. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ లేకపోతే ముందు అది పెట్టించండి.

సర్వీసు బిల్లులు ఉన్న ఐదారు వందల గంటల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌ను నేను కొనమంటా. షెడ్డులో ఆరేళ్లు నిద్రపోయిన అరవై గంటల ఇంజిన్‌కైతే రిపేర్ ఖర్చు ముందే ధరలో తగ్గించుకోమంటా.

"నల్లా పైపు పెట్టి స్టార్ట్ చేసి చూపించిండు, సౌండ్ మస్తుంది." గట్టు మీద ఏ ఇంజినైనా బాగానే పాడుతుంది, లోడ్ ఉండదు కదా. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉందంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొండికేస్తుందేమో, కాబట్టి వెళ్లగానే మూత మీద చెయ్యి పెట్టి చూడండి. ప్రతి సిలిండర్ కంప్రెషన్, అంటే లోపల గాలి ఒత్తిడి కొలిపించండి, అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, పది శాతం దాటితే కారణం అడగండి. కింద గేరు డబ్బా స్క్రూ విప్పి కాస్త ఆయిల్ కారనివ్వండి, అది పాలు పోసిన చాయ్ రంగులో వస్తే సీలు పోయి లోపలికి నీళ్లు చేరాయని అర్థం. ఇక అసలు పరీక్ష నీళ్ల మీదే, అదీ ఇద్దరితో కాదు, మీరు ఎంతమందితో తిరగాలనుకుంటున్నారో అంత బరువుతో. ఫుల్ థ్రాటిల్ ఇస్తే కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాలి, చాలా ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డులకు (వెనక పలకకు బయట తగిలించే ఇంజిన్లు) అది 5000 నుంచి 6000 మధ్య ఉంటుంది. 4300 దగ్గరే ఊగిసలాడితే ప్రొపెల్లర్ సరిపోలేదో, ఇంజిన్‌లో దమ్ము లేదో, ధర్మకాంటా దగ్గర చెప్పిన నీళ్లబరువో.

అపోహ: "మనది మంచినీళ్ల చెరువు, తుప్పు భయం లేదు."

మీ చెరువు సరే, బోటు ఇంతకుముందు ఎక్కడ తిరిగింది? మన వైపు వచ్చే పెద్ద బోట్లలో చాలావరకు గోవా, ముంబై, కొచ్చి, విశాఖ తీరాలవే. సముద్రంలో తిరిగాక ఇంజిన్‌ను మంచినీళ్లతో కడగకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపు చేసే వాల్వు) దగ్గర ఉప్పు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. థర్మోస్టాట్ మూత విప్పించి చూడండి. ఇంకోటి, తుప్పును తన మీదకు తీసుకునే యానోడ్ ముక్కలు సముద్రం బోట్లకు జింక్‌వి ఉంటాయి. మంచినీళ్లలో జింక్ సరిగా పనిచేయదు, మెగ్నీషియంవి వేయించాలి.

అపోహ: "పన్నెండు సీట్లున్నాయి, పన్నెండు మంది ఎక్కొచ్చు."

సీట్లు కుట్టేవాడు ఎన్నైనా కుడతాడు. బోటు మీద సామర్థ్యం రాసిన ప్లేటు ఉంటే అదే లెక్క, అందులో మనుషుల సంఖ్యే కాదు, బరువు కూడా చదవండి. ప్లేటు లేని ఇరవై అడుగుల లోపు బోటుకు అమెరికా కోస్ట్ గార్డ్ చెప్పే అందాజా లెక్క ఒకటుంది: పొడవు అడుగుల్లో, వెడల్పు అడుగుల్లో, రెండూ గుణించి 15తో భాగించాలి. పద్దెనిమిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉంటే ఎనిమిది మంది. అదీ మనిషికి 68 కిలోల చొప్పున, నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు. మన ఫ్యామిలీ ట్రిప్పు అంటే బిర్యానీ డేగ్చా, ఐస్ బాక్సు, సౌండ్ బాక్సు కూడా వస్తాయి, వాటినీ లెక్కలో వేయండి.

దీని పక్కనే "పెద్ద బోటు బోల్తా పడదు" అనే మాట వింటుంటా. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది పెద్ద టూరిస్టు బోటే. అందులో మన కాజీపేట పక్కన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజు నది వరద మీద ఉంది. నీళ్లు అలా ఉన్నప్పుడు బోటు ఎంత పెద్దదన్న ప్రశ్నే రాకూడదు, దించకూడదు. చెరువులోనైనా మత్తడి దూకుతున్నప్పుడు, తూము తెరిచినప్పుడు అటువైపు పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే పెద్ద జలాశయాల మీద అలలు నిమిషాల్లో పెరుగుతాయి. బోటు పక్కకు ఒరగడానికి కారణం చాలాసార్లు మనుషులే, సెల్ఫీ కోసమో మొసలి కనిపించిందనో అందరూ ఒకే వైపుకు లేస్తారు. పైన డెక్ ఉన్న బోటైతే ఆ బరువు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒరగడం ఇంకా తొందరగా అవుతుంది. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఎక్కువ ఉన్న ఇంటికి, నిశ్చలమైన నీళ్లకు, నన్నడిగితే స్పీడు బోటు కంటే రెండు మూడు గొట్టాల మీద తేలే పాంటూన్ నయం. చూడ్డానికి స్టైలుగా ఉండదని ఎవరూ కొనరు, అది వేరే సంగతి.

లైఫ్ జాకెట్లు బోటుతో పాటు ఫ్రీగా ఇస్తారు, అన్నీ పెద్దవాళ్ల సైజే. పిల్లాడికి తొడిగి బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా లేస్తే నీళ్లలో పిల్లాడు అందులోంచి జారిపోతాడు. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్న చిన్న సైజువి కొనండి. నడిపేవాడి చేతికో నడుముకో తగిలించుకునే కిల్ స్విచ్ తాడు ఉందో లేదో, లాగితే ఇంజిన్ ఆగుతుందో లేదో కూడా అప్పుడే చూడండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా పిల్లల్ని వెనక మెట్టు మీద కూర్చోనివ్వొద్దు, ప్రొపెల్లర్ ఒక్కటే కాదు, పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

అపోహ: "చెరువు ప్రభుత్వానిదే కదా, దించుకుంటే అడిగేదెవరు?"

అందరూ అడుగుతారు. పాకాల వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. భద్రకాళి చెరువు, లోయర్ మానేరు తాగునీటి వనరులు. లక్నవరంలో బోటింగ్ నడిపేది టూరిజం వాళ్లు. చెరువులు, ప్రాజెక్టులు నీటిపారుదల శాఖ చేతిలో ఉంటాయి, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా సొంత బోటు దించడానికి లేదు. దీనికి తోడు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద యంత్రంతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా అనే గొడవ ఉంది. ఏ నీళ్లలో దించుతారో తేలాకే బోటు వెతకండి. బయానా ఇచ్చి తర్వాత అనుమతికి తిరిగేవాళ్లను చూస్తుంటా, బోటు ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. కాగితాలు చూసేటప్పుడు బోటు మీది నంబరు, ఇంజిన్ మీది నంబరు రెండూ కాగితాల్లో ఉన్నవాటితో కలవాలి. దిగుమతి ఇంజినైతే కస్టమ్స్ కాగితం అడగండి.

ప్రొపెల్లర్ స్టీల్‌ది ఉంటే గొప్ప అనుకోవద్దు. మిడ్ మానేరు లాంటి చోట మునిగిన ఊర్ల గోడలు, చెట్ల మోడులు నీటి కింద ఉంటాయి, ఎండాకాలం మట్టం తగ్గితే పైకొస్తాయి. అల్యూమినియం రెక్క తగిలితే తనే వంగిపోతుంది, స్టీల్ రెక్క ఆ దెబ్బను గేర్లకు పంపుతుంది.

చివరగా "ట్రైలర్ ఫ్రీ" అనే మాట. ఇరవై రెండు అడుగుల బోటు, ఇంజిన్, పెట్రోల్ కలిపితే టన్నున్నరకు అటూ ఇటూ తూగుతుంది, దానికి బ్రేకులు లేని ట్రైలర్ ఇస్తే అది ఫ్రీ కాదు. చెరువు కట్ట రాళ్ల మీద నుంచి దించాలంటే ట్రాక్టర్ కావాలి, అదీ ముందే చూసుకోండి. ట్రైలర్ టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3516 అని ఉంటే 2016లో 35వ వారం టైరు. పక్కల బీటలు పడ్డ అలాంటి టైర్ల మీద, పైన గాట్లు ఎంత బాగున్నా సరే, గోవా నుంచి హనుమకొండ దాకా లాగించొద్దు, లారీ మాట్లాడి దాని మీద ఎక్కించి తెప్పించుకోండి, ఆ కిరాయి బోటు ధరలో తగ్గించమని అడగండి.