నీళ్ళ విరేచనాలన్నీ ఒకటి కావు

హనుమకొండలోనైనా కాజీపేటలోనైనా పరీక్షా కేంద్రానికి వచ్చినవారు మూత్రం సీసాను నలుగురిలో పట్టుకొని నిలబడతారు గాని, మలం డబ్బాను మాత్రం కొంగు చాటున దాచి అందిస్తారు. ఈ సిగ్గు వల్ల వైద్యునికి చాలాసార్లు చేరేది "మోషన్లు అయితున్నయి సార్" అన్న ఒక్క మాటే. పలుచబడడం రోగం పేరు కాదు. అది ఎందువల్ల పలుచబడిందో అందులో కలిసిన పదార్థాలే చెబుతాయి.

ఆరోగ్యవంతుని మలంలో సుమారు 75 శాతం నీరే. మిగిలినదానిలో పేగులోని సూక్ష్మజీవులది పెద్ద వాటా; అరగని పీచు, కొంత కొవ్వు, లవణాలు, పేగు గోడ నుంచి రాలిన కణాలు తక్కినవి. తాగిన నీరు, జీర్ణరసాలు కలిసి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం పేగులోకి చేరినా, బయటికి వచ్చేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే; మిగిలినదంతా పేగే పీల్చుకుంటుంది.

ఈ పీల్చుకునే పని రెండు విధాలుగా చెడుతుంది. కలరాలో క్రిమి విషం పేగు గోడ చేత క్లోరైడును, దానివెంట సోడియంను, నీటిని కుమ్మరింపజేస్తుంది. అందుకే బియ్యం కడిగిన నీళ్ళ వలె వచ్చే ఆ విరేచనం తిండి మానినా ఆగదు. పాలు పడనివారిలో అరగని పాలచక్కెర నీటిని తన వైపు లాగుతుంది. సూక్ష్మజీవులు దానిని పులియబెట్టడంతో మలం ఆమ్లమవుతుంది, పాలు మానగానే విరేచనం తగ్గుతుంది. చూపుకు రెండూ నీళ్ళే. మలంలోని సోడియం, పొటాషియంల మొత్తాన్ని (లీటరుకు మిల్లీమోళ్ళలో) రెట్టింపు చేసి 290 నుంచి తీసివేస్తే, మిగిలేది 50 కంటే తక్కువైతే మొదటి రకం, 100 దాటితే రెండో రకం. కలరాలో సైతం గ్లూకోజుతో కలిపి సోడియంను లోనికి తీసుకునే దారి చెడకుండా ఉంటుంది కనుకనే గ్లూకోజు, ఉప్పు కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్ళు ప్రాణం నిలబెడతాయి. నాకు ఇది వైద్యంలోకెల్లా అందమైన విషయం.

మద్యం వల్ల క్లోమం దెబ్బతిన్నవారిలో కొవ్వు అరగక, రోజుకు 7 గ్రాములు మించి మలంలో పోతుంది. మలం పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో వస్తుంది. మలబద్ధకంలో మాత్రం కొత్తగా చేరేదేమీ ఉండదు. పెద్దపేగులో ఎక్కువసేపు నిలిచి నీరు కోల్పోవడంతో మలం ఉండలు కడుతుంది, అంతే.

ఎక్కువగా పొరబడేది ఐబీఎస్ (పేగు పనితీరు మాత్రమే గతి తప్పే జబ్బు), అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు గోడ వాచి పుండ్లు పడే జబ్బు)ల దగ్గర. కడుపునొప్పి, పదేపదే వెళ్ళవలసి రావడం రెంటిలోనూ ఉంటాయి. ఐబీఎస్‌లో పేగు గోడకు వాపు ఉండదు; కొలైటిస్‌లో వాపుచోటికి చేరిన తెల్లరక్తకణాలు కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీనును వదులుతాయి, రక్తం, జిగట కూడా కలుస్తాయి. ఆ ప్రోటీను గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. అయితే సూక్ష్మజీవులు తెచ్చే జిగట విరేచనాలలోనూ ఇది పెరుగుతుంది కాబట్టి, మన ప్రాంతంలో ముందుగా వాటిని తోసిపుచ్చాలి. పొలంపనుల వల్ల కీళ్ళు పట్టేసి, రోజూ నొప్పి గోలీలు మింగేవారిలో ఆ గోలీల వల్లనే ఈ అంకె పెరగవచ్చు. డబ్బా ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పడం అవసరం.